తిప్పతీగ కషాయం, అమ్మ లివర్, ఎలుకలో వెలిగే ప్రోబ్: ఈ పరీక్ష మన దగ్గర ఉందా?

నాగావళి ఒడ్డు
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. అమ్మకి 56 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. కరోనా రోజుల్లో అందరిలాగే తిప్పతీగ కషాయం మొదలుపెట్టింది. తర్వాత మానేసింది. ఈ వేసవిలో షుగర్ తగ్గుతుందని ఎవరో చెబితే మళ్లీ అందుకుంది. పెరట్లో వేపచెట్టుకి పాకిన తీగే, కాడ కోసి దంచి, కాచి, పరగడుపున ఒక గ్లాసు.

రెండు నెలలు కాకముందే కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సయించట్లేదు, ఒళ్లంతా దురద. ఊళ్లో ముందు చూపించిన చోట రెండు వారాలు గ్యాస్ మాత్రలే ఇచ్చారు. ఇంకేమైనా తాగుతున్నారా అని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు విశాఖలో చేర్చాం. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 870, కామెర్లని చూపే బిలిరుబిన్ 9.4. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ నెగటివ్. స్కానింగ్‌లో రాళ్లూ లేవు, అడ్డంకీ లేదు. కషాయం వల్లే కావచ్చు అంటున్నారు.

నిద్ర పట్టక ఫోన్లో చదువుతుంటే ఒక ఫొటో కనబడింది. మత్తులో పడుకోబెట్టిన ఎలుక, దాని పొట్ట మీద లివర్ ఉన్నచోట ఎర్రటి వెలుగు. మూలికల వల్ల లివర్ దెబ్బతినడం మొదలవగానే వెలిగే ప్రోబ్ అట, రక్తపరీక్ష కంటే ముందే చెబుతుందట. ఈ పరీక్ష హైదరాబాదులో గానీ వెల్లూరులో గానీ చేస్తారా? ఎంత దూరమైనా తీసుకెళ్తాను.


వార్డు నర్స్
మంగళవారం, ఉదయం 6:15

తమ్ముడూ, నేను లివర్ వార్డులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రోబ్ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. దానికంటే ముందు ఇవి చూడు.

ఐఎన్‌ఆర్ ఎంత ఉంది? మీరు రాసిన వాటిలో అది లేదు. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష అది, లివర్ ఇంకా ఎంత పని చేస్తోందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఎస్‌జీపీటీ 870 నుంచి 300కి పడిపోయినా, ఐఎన్‌ఆర్ పెరుగుతూ ఉంటే అది మంచి కబురు కాదు.

రెండోది, అమ్మ మాటలో తేడా వచ్చినా, పగలు మరీ నిద్రపోతున్నా, పేర్లు తడబడుతున్నా ఆ క్షణమే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు. పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు.

మూడోది, ఆ తీగ కాడ ఒకటి ఆకులతో సహా కవర్లో పెట్టి తెప్పించు. ఏ తేదీన మొదలుపెట్టింది, ఎప్పుడు మానింది, ఇంకేం వాడింది, మోకాళ్ల నొప్పుల మాత్రలు, పొడులు, ఆకు పసర్లు, అన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్ గారి చేతికివ్వు. కామెర్లు వచ్చాక పసరు పోయించారా? అది కూడా దాచకుండా రాయి. మన వైపు కామెర్లు అనగానే పసరుకి తీసుకెళ్తారు, ఆ సంగతి ఆసుపత్రిలో చెప్పడానికి జంకుతారు. ఎవరూ తిట్టరు, నేను హామీ ఇస్తాను.


రంగుల కెమిస్ట్రీ
మంగళవారం, ఉదయం 9:02

నాగావళి గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. మీ ప్రశ్నకి సూటిగా జవాబు: లేదండి. హైదరాబాదులోనూ లేదు, వెల్లూరులోనూ లేదు, అమెరికాలో కూడా మనిషికి చేయరు. మీరు చూసింది పరిశోధనశాల ఎలుక. నేను పీహెచ్‌డీలో ఇలాంటి ప్రోబ్‌లే తయారుచేశాను, కాబట్టి అసలు అదేమిటో చెబుతాను. ఎక్కడా లేని దానికోసం మీరు తిరగకూడదు.

ప్రోబ్ అంటే ఒక రంగు అణువు, దాని నోటికి మూత. మూత ఉన్నంతసేపు వెలగదు. లివర్ కణానికి దెబ్బ తగలడం మొదలైనప్పుడు లోపల కొన్ని పదార్థాలు పుడతాయి: హైడ్రోజన్ పెరాక్సైడ్, హైపోక్లోరస్ ఆమ్లం, అన్నిటికంటే ముఖ్యంగా పెరాక్సీనైట్రైట్. ఇది నైట్రిక్ ఆక్సైడ్, సూపరాక్సైడ్ ఒకదానికొకటి తగలగానే పుట్టి, సెకనులో వందో వంతు కూడా నిలవకుండా పోతుంది. దాన్ని పట్టి చూపడం ఏ రక్తపరీక్షకీ చేతకాదు. ప్రోబ్ మాత్రం కణంలోనే కాచుకుని ఉంటుంది. పెరాక్సీనైట్రైట్ వచ్చి మూత ఊడగొడుతుంది, అణువు వెలుగుతుంది, కెమెరా పట్టుకుంటుంది.

ఎస్‌జీపీటీ అలా కాదు. అది కణం లోపల ఉండే ఎంజైమ్. కణం పొర దెబ్బతింటేనే రక్తంలోకి కారుతుంది. అంటే ఇల్లు కాలడం మొదలయ్యాక బయటికి వచ్చే పొగ అది. ప్రోబ్ చూసేది నిప్పురవ్వని.

2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకి పారాసిటమాల్ గానీ, టీబీకి వాడే ఐసోనియాజిడ్ గానీ ఎక్కువ మోతాదులో ఇచ్చి, పాలిమర్ నానోకణాలతో చేసిన సెన్సర్‌తో చూశారు. మందు ఇచ్చిన నిమిషాల్లోనే సిగ్నల్ వచ్చింది. అప్పటికి లివర్ ముక్కని కోసి మైక్రోస్కోపు కింద పెట్టినా ఏ మార్పూ కనిపించని దశ. ఈ రంగంలోకి నేను రావడానికి ఆ పనే కారణం.


చదువరి
మంగళవారం, ఉదయం 10:30

మంచి వివరణ అండీ. ఒక సందేహం. ఎలుకలో అంత స్పష్టంగా కనిపిస్తుంటే మనిషికి చేయడానికి అడ్డేమిటి? విషమా?


రంగుల కెమిస్ట్రీ
మంగళవారం, ఉదయం 11:05

విషం సంగతి తేల్చడానికే ఏళ్లు పడుతుంది, కొత్త మందుకి చేసే పరీక్షలన్నీ దీనికీ చేయాలి. దానికంటే మొండి అడ్డంకి లోతు. ఎలుక బరువు పాతిక గ్రాములు. దాని లివర్ చర్మం కిందే, కొన్ని మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. మన లివర్ పక్కటెముకల వెనక, కొవ్వు, కండరం దాటాక ఉంటుంది. కనిపించే వెలుగుని రక్తంలోని హీమోగ్లోబిన్ మింగేస్తుంది. అందుకే ప్రోబ్‌లు చేసేవాళ్లందరూ 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, ఈమధ్య 1000 దాటిన పరారుణ కాంతి వైపు పరిగెడుతున్నారు. అక్కడ వెలుగు తక్కువ చెదురుతుంది. అయినా మనిషి లివర్‌ని బయటినుంచి పూర్తిగా చూసేంత లోతుకి వెళ్లదు.

ఫోటోఅకౌస్టిక్ అని ఇంకో దారి ఉంది. లేజర్ వెలుగు లోపలికి పంపితే రంగు అణువు వేడెక్కి కొద్దిగా ఉబ్బుతుంది, ఆ కుదుపు శబ్దతరంగంగా బయటికి వస్తుంది. శబ్దం ఒంట్లో వెలుగు కంటే తక్కువ చెదురుతుంది కాబట్టి కొన్ని సెంటీమీటర్ల దాకా చూడొచ్చు. నాకు దీనిమీద ఆశ ఎక్కువ.


స్కాన్ గది
మంగళవారం, మధ్యాహ్నం 2:20

దోహాలో రేడియాలజీ టెక్నాలజిస్టుని, మాది నిజామాబాద్. మనుషులకి నిజంగా వాడుతున్న వెలిగే రంగు ఒకటుంది, దాని సంగతి కూడా తెలియాలి. ఇండోసయనైన్ గ్రీన్, ఐసీజీ అంటాం. 1959 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. నరంలోకి ఎక్కిస్తే లివర్ తీసుకుని, ఏ మార్పూ చేయకుండా పైత్యరసంలోకి వదిలేస్తుంది. లివర్ ముక్క కోసే ఆపరేషన్ ముందు, 15 నిమిషాల తర్వాత రక్తంలో ఎంత మిగిలిందో కొలుస్తారు. ఆరోగ్యంగా ఉంటే పది శాతం లోపే మిగలాలి. ఆపరేషన్ బల్ల మీద కడుపు తెరిచాక అయితే పరారుణ కెమెరాతో వెలుగు కూడా చూస్తారు. ఇది రంగుల కెమిస్ట్రీ గారు చెప్పిన మూత ఉన్న ప్రోబ్ కాదు, ఎప్పుడూ వెలిగే రంగు. లివర్ ఎంత పని చేస్తోందో చెబుతుంది, ఎందుకు పాడైందో చెప్పదు.

అలాగే పైత్యరసం దారి చూసే హైడా స్కాన్ ఉంది, టెక్నీషియం 99ఎం అనే రేడియోధార్మిక పదార్థం తగిలించిన మందుతో. ఎంఆర్‌ఐలో గాడోక్సెటేట్ అనే కాంట్రాస్ట్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు, ఉంది, సగం దాకా లివర్ కణాలే తీసుకుంటాయి, 20 నిమిషాలకి బొమ్మ తీస్తాం. కానీ బిలిరుబిన్ 9 ఉన్నప్పుడు కణాలు సరిగ్గా తీసుకోవు, బొమ్మ మసకగా వస్తుంది. అమ్మగారికి ఇప్పుడు వీటివల్ల పెద్ద ప్రయోజనం ఉంటుందని నేను అనుకోను. అవసరమైతే మీ డాక్టరే రాస్తారు. మీరుగా అడిగి డబ్బు ఖర్చు పెట్టుకోకండి.


పెరటి మొక్క
మంగళవారం, సాయంత్రం 7:48

నేను బీఏఎంఎస్, అంటే ఆయుర్వేద వైద్యం, చదివి ప్రాక్టీసు చేస్తున్నాను. నాగావళి గారి అమ్మగారికి నయం కావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఒక మాట చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టే. తిప్పతీగని మనం గుడూచి, అమృత అంటాం. తరతరాలుగా వాడుతున్న మొక్క. దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే ఇంకో తీగ ఉంది, ఆకు చూస్తే ఒకేలా ఉంటుంది. దాన్ని తాగి దీనిమీద నింద వేస్తున్నారేమో అని 2021లో ఆయుష్ మంత్రిత్వశాఖ కూడా అంది. ఎలుకకి మనిషి తాగే దానికి ఎన్నో రెట్లు పోసి, వెలిగింది చూడండి అంటే నేను ఒప్పుకోలేను.


వార్డు నర్స్
మంగళవారం, రాత్రి 9:30

డాక్టర్ గారూ, మీ మాటని గౌరవిస్తాను. నేను చూసింది చెబుతాను. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాశారు. తర్వాతి ఏడాది దేశంలో 13 ఆసుపత్రులు కలిసి 43 మందిని చూసి రాశాయి. వాళ్లలో చాలామందికి వచ్చింది ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ని పోలిన జబ్బు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్ మీదికి తిరగబడటం. తిప్పతీగని తాగేదే ఆ వ్యవస్థకి బలం కావాలని కదా. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఆ తిరుగుబాటు తేలిగ్గా రేగొచ్చని అప్పటినుంచి మా డాక్టర్లు అడిగి తెలుసుకుంటున్నారు.

వందమంది తాగితే 99 మందికి ఏమీ కాకపోవచ్చు. నా ముందు మంచం మీద ఉండేది ఆ ఒక్కరు. ఆ ఒక్కరి ఇంటివాళ్లు 'ఆకు మందే కదా' అని చెప్పకుండా ఉండిపోతే, మేము ఏ వైరస్ అని వెతుకుతూ రోజులు పోగొడతాం.

నాగావళి తమ్ముడూ, రక్షణ వ్యవస్థ తిరగబడిందేమో చూసే ఏఎన్‌ఏ, ఐజీజీ పరీక్షలు పంపారా?


నాగావళి ఒడ్డు
బుధవారం, ఉదయం 7:10

అక్కా, మీరు చెప్పినవన్నీ రాసిచ్చాను. ఐఎన్‌ఆర్ 1.4. ఏఎన్‌ఏ పాజిటివ్, ఐజీజీ ఎక్కువ. రేపు లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అంటున్నారు. పసరు పోయించాం అక్కా, రెండు పూటలు. మామయ్య తీసుకెళ్లాడు. డాక్టర్ గారికి చెప్పేశాను, ఆయన ఏమీ అనలేదు, రాసుకున్నారు.


వార్డు నర్స్
బుధవారం, ఉదయం 7:25

చెప్పి మంచి పని చేశావు. 1.4 అంటే జాగ్రత్తగా చూడాల్సిన అంకె, భయపడిపోవాల్సింది కాదు. బయాప్సీ తర్వాత కుడివైపు తిరిగి కదలకుండా పడుకోమంటారు, ఆ కొన్ని గంటలు పక్కనే ఉండు.


రంగుల కెమిస్ట్రీ
బుధవారం, మధ్యాహ్నం 1:15

పెరటి మొక్క గారు లేవనెత్తిన మోతాదు ప్రశ్న న్యాయమైనదే. మూలికల మీద ప్రోబ్ వాడటంలో ఉన్న చిక్కులు నాకు చేతులు కాలి తెలిసినవి, కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటి చిక్కు, మూలికలే వెలుగుతాయి. పసుపులోని కర్కుమిన్ నీలి కాంతి పడితే పచ్చగా మెరుస్తుంది. మానుపసుపులోని బెర్బెరిన్ పసుపు రంగులో వెలుగుతుంది. ఆకుపచ్చని ఏ ఆకు రసమైనా అందులోని క్లోరోఫిల్ ఎర్రగా వెలుగుతుంది, అదీ 675 నానోమీటర్ల దగ్గర, సరిగ్గా మా ప్రోబ్‌లు పనిచేసే చోటే. నా మొదటి ప్రయోగంలో కషాయం పోసిన ఎలుక బ్రహ్మాండంగా వెలిగింది. నెల రోజులు సంబరపడ్డాను. తర్వాత ప్రోబ్ ఇవ్వకుండా కషాయం మాత్రమే పోసిన ఎలుకని పెట్టి చూస్తే, అదీ దాదాపు అంతే వెలిగింది. ఎలుకలకి పెట్టే మేతలో గడ్డి ఉన్నా ఇదే గోల, అందుకే ఇమేజింగ్‌కి ముందు గడ్డి లేని మేతకి మారుస్తారు.

రెండోది, మూలికల్లో పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాలు ఉంటాయి. అవి పెరాక్సీనైట్రైట్‌ని ప్రోబ్ కంటే ముందే తినేస్తాయి. అప్పుడు వెలుగు తగ్గుతుంది. దెబ్బ తగ్గిందనుకోవాలా, సాక్షి నోరు నొక్కారనుకోవాలా?

మూడోది, మూత ఊడేది ఒక్క శత్రువుకేనా అన్నది. మేము ఎక్కువగా వాడే, బోరాన్ ఉన్న బోరోనేట్ మూత పెరాక్సైడ్‌కీ ఊడుతుంది, పెరాక్సీనైట్రైట్‌కీ ఊడుతుంది. పెరాక్సీనైట్రైట్‌తో సుమారు పది లక్షల రెట్లు వేగంగా ఊడుతుంది నిజమే, కానీ కణంలో పెరాక్సైడ్ ఎంతో ఎక్కువగా ఉంటుంది. ఇక రంగు లివర్‌లో ఒకచోట ఎక్కువ చేరి ఇంకోచోట తక్కువ చేరినా దెబ్బ తిన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఒక్క వెలుగు ఎంత ఉందో చూడకుండా, మూత ఊడకముందు ఒక రంగు, ఊడాక ఇంకో రంగు ఇచ్చే ప్రోబ్‌లు చేసి, రెండిటి నిష్పత్తి కొలుస్తారు. అలా కొలవని పేపర్ కనిపిస్తే నేను బొమ్మ చూసి పక్కన పెట్టేస్తాను.

వీటన్నిటికంటే పెద్ద మాట: వెలుగు వచ్చిందంటే కణం కష్టంలో ఉందని మాత్రమే. ఏ ఆకు వల్ల అన్నది అది చెప్పదు. పారాసిటమాల్ అయినా, సారా అయినా, తిప్పతీగ అయినా ఒకే ఎరుపు.


హూబే బ్యాచ్
బుధవారం, రాత్రి 10:05

చైనాలో ఎంబీబీఎస్ చేసి వచ్చాను, ఇప్పుడు గుంటూరులో పనిచేస్తున్నాను. ఈ ప్రోబ్‌ల పని చైనాలో ఎక్కువగా ఎందుకు జరుగుతోందో అక్కడ వార్డుల్లో తిరిగితే అర్థమవుతుంది. హె షౌ వు అని ఒక దుంప, తెల్ల వెంట్రుకలు నల్లబడతాయని వాడతారు, కొందరికి లివర్ దెబ్బతింటుంది. లెయి గోంగ్ తెంగ్ అనే తీగ కీళ్లవాతానికి వాడతారు, అందులోని ట్రిప్టోలైడ్ ఘాటైన పదార్థం. టుసాన్‌చీ అనే మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, లివర్‌లో సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి కడుపులోకి నీరు చేరుతుంది. ఈ ఆల్కలాయిడ్లు మనకీ కొత్త కాదు. 1970ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజాలో, చిరుధాన్యంలో గిలిగిచ్చ జాతి గింజలు కలిసిపోయి ఊళ్లలో ఇదే జబ్బు వచ్చింది.

తమాషా ఏమిటంటే హె షౌ వు మామూలు ఎలుకలకి పెద్దగా ఏమీ చేయదు. ముందు బాక్టీరియా పొర పదార్థం కొద్దిగా ఎక్కించి లోపల వాపు పుట్టించి, ఆ తర్వాత ఇస్తేనే లివర్ దెబ్బతింటుంది. మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ బి 35:01 అనే జన్యురూపం ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువని తేలింది. గ్రీన్ టీ సారం వల్ల లివర్ పాడైనవాళ్లలోనూ అదే. 2022లో అమెరికాలో పసుపు క్యాప్సూళ్ల వల్ల లివర్ దెబ్బతిన్న పదిమందిని చూస్తే ఏడుగురికి అదే.


చదువరి
బుధవారం, రాత్రి 10:20

పసుపా? కూరలో వేసేదేనా? ఇది చదివితే మా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.


హూబే బ్యాచ్
బుధవారం, రాత్రి 10:31

కూరలో చిటికెడు పసుపుకి భయపడక్కర్లేదండి. అవి కర్కుమిన్‌ని చిక్కగా చేసి నింపిన సప్లిమెంట్లు. పరీక్షించిన కొన్నిటిలో మిరియాల్లో ఉండే పైపరిన్ కూడా ఉంది, అది కలిస్తే కర్కుమిన్ ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది.


పెరటి మొక్క
గురువారం, ఉదయం 8:40

రంగుల కెమిస్ట్రీ గారు తన సొంత ప్రయోగంలో జరిగిన పొరపాటు దాచకుండా రాసినందుకు ధన్యవాదాలు. నిన్న రాత్రి 13 ఆసుపత్రుల అధ్యయనం మళ్లీ చదివాను. నేను ఇకనుంచి షుగర్, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్నవాళ్లకి గుడూచి రాసేముందు ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష, చేయిస్తాను, నెలకోసారి మళ్లీ చూస్తాను. నా అభ్యంతరం ఒకటి అలాగే ఉంది. జనం తాగేవాటిలో ఎక్కువభాగం వైద్యుడు రాసినవి కావు. ఫోన్లో వీడియో చూసి, ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్క లేకుండా తాగుతున్నారు.

ఇంకో ప్రశ్న. మనుషుల మీద వాడలేని ప్రోబ్ మందుల మీద వాడొచ్చు కదా? మా మార్కెట్‌లో ఒకే పేరుతో వచ్చే పొడి ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. బజారుకి రాకముందే పరీక్షించే పద్ధతి ఏదైనా ఉంటే మాలాంటివాళ్లమే ముందు అడుగుతాం.


రంగుల కెమిస్ట్రీ
గురువారం, ఉదయం 10:10

సార్, నాకు ఈ చర్చలో అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. ప్రోబ్‌కి అసలు చోటు అదేనని నేను ఏళ్లుగా వాదిస్తున్నాను. గాజు పళ్లెంలో పెంచిన మనిషి లివర్ కణాల మీద బ్యాచ్ బ్యాచ్ సారం వేసి వెలుగు చూడొచ్చు, అక్కడ లోతు సమస్యే లేదు. దానికంటే మంచిది జీబ్రాఫిష్ అనే చారల చిన్న చేప పిల్ల. ఐదు రోజుల పిల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది, అప్పటికే దానికి పనిచేసే లివర్ ఉంటుంది. నీళ్లలో సారం కలిపి మైక్రోస్కోపు కింద ప్రాణంతో ఉండగానే చూడొచ్చు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థలో జీబ్రాఫిష్ మీద పరిశోధన ఉంది, మన దగ్గర ఈ పని తెలిసిన చేతులు లేకపోలేదు.

మన చట్టంలో ఆయుర్వేద శాస్త్రగ్రంథాల్లో ఉన్న మందుకి లైసెన్స్ ఇవ్వడానికి సాధారణంగా విడిగా భద్రతా పరీక్ష అడగరు. అడగనప్పుడు ఏ కంపెనీ తనంతట తాను చేయిస్తుంది? అయితే ఈ పరీక్ష వచ్చినా నాగావళి గారి అమ్మగారి లాంటి కేసుని పట్టలేకపోవచ్చు. రక్షణ వ్యవస్థ తిరగబడే జబ్బు చేపపిల్లలో కనిపించదు. నేరుగా విషంలా పనిచేసేవాటిని, కల్తీని, ఒక జాతికి బదులు ఇంకో జాతి మొక్క కలిసిన బ్యాచ్‌ని పట్టొచ్చు. అంతవరకైనా చేస్తే చాలా లివర్లు మిగులుతాయి.


నాగావళి ఒడ్డు
మరుసటి ఆదివారం, సాయంత్రం 6:30

బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటి మార్పులే, మందు వల్ల రేగినట్టుందని అన్నారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు, షుగర్ పెరుగుతుందని ఇన్సులిన్ ఇస్తున్నారు. బిలిరుబిన్ 11 దాకా వెళ్లి ఇవాళ 7.2కి వచ్చింది. ఐఎన్‌ఆర్ 1.2. నిన్న అమ్మ ఆవకాయ అడిగింది. పెట్టలేదు కానీ, అడిగినందుకే ఏడుపొచ్చింది.

కాడ కోసుకు రావడానికి శుక్రవారం ఊరికి వెళ్లాను. వేపచెట్టు దగ్గర నిలబడితే పక్కింటి పిన్ని గ్లాసు పట్టుకుని వచ్చింది. అమ్మతోపాటే మొదలుపెట్టిందట, మానలేదు. ఆకలి బాగానే ఉంది, కళ్లు తెల్లగానే ఉన్నాయి, పొలం పనికి కూడా వెళ్తోంది. నాకేమీ లేదు కదరా అంది. నేను ఒప్పుకోకుండా ఆటో ఎక్కించి ఎల్‌ఎఫ్‌టీ చేయించాను. ఎస్‌జీపీటీ 164. బిలిరుబిన్ మామూలుగానే ఉంది.


వార్డు నర్స్
ఆదివారం, సాయంత్రం 6:52

పిన్నిగారు ఇవాళ్టినుంచి కషాయం ఆపేయాలి. పసరు, పొడి, ఇంకే మూలికా వద్దు. ఆ రిపోర్టు పట్టుకుని రేపే డాక్టర్‌కి చూపించండి, హెపటైటిస్ పరీక్షలు కూడా చేయిస్తారు. వారం తర్వాత మళ్లీ ఎల్‌ఎఫ్‌టీ, తగ్గకపోతే మీ అమ్మగారి డాక్టర్ దగ్గరికే తీసుకురా. ఇంకా ఎవరెవరు ఆ చెట్టు దగ్గరికి గ్లాసు పట్టుకుని వస్తున్నారో పిన్నిని అడుగు.


నాగావళి ఒడ్డు
ఆదివారం, రాత్రి 8:15

అడిగాను అక్కా. ఇంకో నలుగురు. రేపు పొద్దున అందరినీ తీసుకెళ్తున్నాను.